డెజర్టులో ఉన్నది జెలటినేనా? ఎలా కనిపెట్టాలి, అది లేకుండా ఎలా చేయాలి

“జెలటిన్ శాకాహారమేనా?” “ఈ పుడ్డింగులో జెలటిన్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?” “అగర్ అగర్ వేస్తే రాయిలా గట్టిపడింది, ఏం చేయాలి?” పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఈ మూడే. మూడింటికీ ఒకేచోట జవాబు ఉంటే మేలని ఇది రాస్తున్నాను.

మొదటిదానికి జవాబు సూటిగా చెప్పేస్తాను. జెలటిన్ శాకాహారం కాదు. డెజర్టులను గడ్డకట్టించడానికి వేసే జెలటిన్‌ను ఏ కంపెనీ తయారుచేసినా, ఎంత శుద్ధి చేసినా అది జంతువు ఒంట్లోంచి వచ్చిందే. మొక్కల నుంచి తీసిన జెలటిన్ అంటూ ఏదీ లేదు. అగర్ అగర్‌లాగా డెజర్టును గడ్డకట్టించే మొక్కల పదార్థాలు చాలానే ఉన్నాయి, కానీ అవి జెలటిన్ కావు. వాటి పేర్లు వేరు, వాడే తీరు వేరు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా రెండు ప్రశ్నలూ సగం తేలినట్టే.

శాకాహారులకే కాదు, మాంసం తింటూ పందో ఆవో వద్దనుకునేవారికి, చేప పడనివారికి, జెలటిన్ అలర్జీ ఉన్నవారికి కూడా ఇది అవసరమైన విషయమే.

ఎక్కడి నుంచి వస్తుంది

చర్మానికి, ఎముకలకు, కండను ఎముకకు కట్టి ఉంచే నరాల్లాంటి స్నాయువులకు బలం ఇచ్చే ప్రొటీన్ కొల్లాజెన్. దాన్ని ఆమ్లంలోనో సున్నపు నీళ్లలోనో నానబెట్టి, తర్వాత వేడినీళ్లలో ఉంచితే పోగులు విడిపోయి నీళ్లలోకి దిగుతుంది. అలా దిగిన దాన్నే వడగట్టి, చిక్కబరిచి, ఆరబెట్టి, పొడిగానో పలుచని రేకులుగానో అమ్ముతారు. అదే జెలటిన్.

పంది చర్మాన్ని ఎక్కువగా ఆమ్లంతో శుద్ధి చేస్తారు. అలా వచ్చిన రకానికి టైప్ ఏ అని పేరు. పశువుల ఎముకలైతే ముందు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి వాటిలోని ఖనిజాలను తీసేస్తారు. మిగిలిన మెత్తటి భాగాన్ని, పశువుల తోళ్లను వారాల తరబడి సున్నంలో నానబెడతారు. ఆ రకం టైప్ బి. చేపల చర్మం నుంచి కూడా జెలటిన్ తీస్తారు.

ఒక అపోహను ఇక్కడే తీసేయాలి. గిట్టలు, కొమ్ములు ఉడకబెట్టి జెలటిన్ చేస్తారని చాలామంది చెబుతుంటారు. అది నిజం కాదు. గిట్ట పైపెంకు, కొమ్ము, వెంట్రుక కెరటిన్ అనే వేరే ప్రొటీన్‌తో తయారవుతాయి. దాన్ని ఎంత ఉడికించినా జెలటిన్ రాదు. అలాగే జెలటిన్ పాలలాగా బతికున్న జంతువు నుంచి తీసే పదార్థం కూడా కాదు. చర్మం, ఎముక కావాలంటే జంతువు ప్రాణం పోవాల్సిందే.

కావలసినవి

పరీక్షలకు:
- డెజర్ట్ ప్యాకెట్, అక్షరాలను పెద్దవి చేసి చూడటానికి ఫోన్ కెమెరా
- రెండు చిన్న గిన్నెలు, గోరువెచ్చని నీళ్లు, వీలైతే వంటింటి థర్మామీటర్
- పచ్చి పైనాపిల్ ముక్కలు కొన్ని (పచ్చి అంటే ఉడికించనివి, డబ్బాలోవి పనికిరావు)

జెలటిన్ లేకుండా చేయడానికి:
- అగర్ అగర్ పొడి. చైనా గ్రాస్ పేరుతో దొరికే పోగులైనా సరే
- గ్రాములో పదో వంతు వరకు చూపించే చిన్న డిజిటల్ తూకం
- అడుగు మందంగా ఉన్న గిన్నె, విస్క్, సన్నని జాలీ
- ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరిచిన పింగాణీ సాసరు

తూకం లేకపోయినా పరవాలేదనుకోకండి. అగర్ అగర్ దగ్గర ఒక్క గ్రాము తేడా వస్తే డెజర్ట్ రూపమే మారిపోతుంది.

## మొదటి భాగం: జెలటిన్ ఉందో లేదో కనిపెట్టడం

1. ఎక్కడ అనుమానించాలో తెలుసుకోండి

జెల్లీ, మార్ష్‌మాలో, నమిలే గమ్మీ మిఠాయిలు, పన్నా కోటా (క్రీమ్‌తో చేసే ఇటలీ పుడ్డింగు): వీటిలో జెలటిన్ ఉంటుందని చాలామందికి తెలుసు. తప్పించుకుపోయేవి వేరే ఉన్నాయి. ఓవెన్‌లో పెట్టకుండా చేసే చీజ్‌కేక్, మూస్ (నురుగులా తేలికగా ఉండే డెజర్ట్) కేకులు, కేకు మీద అద్దంలా మెరిసే పూత, పండ్ల టార్టుల మీద పూసే జిగురు, గంటలకొద్దీ కరగకుండా నిలిచే విప్పింగ్ క్రీమ్, కొన్ని రకాల కప్పు పెరుగులు, కొవ్వు తగ్గించిన ఐస్‌క్రీములు. ముఖ్యంగా కొవ్వు తగ్గించిన వాటిని జాగ్రత్తగా చూడండి. కొవ్వు తీసేస్తే పోయే చిక్కదనాన్ని జెలటిన్‌తో పూరించడం మామూలే.

2. పదార్థాల జాబితాను చివరిదాకా చదవండి

జెలటిన్ ఉంటే సాధారణంగా జెలటిన్ అనే రాస్తారు. చాలాచోట్ల దాన్ని సంకలితంగా (ఆహారంలో ప్రత్యేకంగా కలిపే, లేబుల్ మీద అంకెతో గుర్తించే పదార్థంగా) కాక ఆహార పదార్థంగానే లెక్కిస్తారు కాబట్టి అంకె లేకుండా పేరు మాత్రమే కనిపిస్తుంది. అంకె వేస్తే అది 441. కొల్లాజెన్, హైడ్రొలైజ్డ్ కొల్లాజెన్, కొల్లాజెన్ పెప్టైడ్స్ అని ఉన్నా మూలం జంతువే. ఐసింగ్లాస్ అని ఉంటే అది చేప ఈత తిత్తి నుంచి తీసింది.

మొక్కలవైపు అంకెలు ఇవి:
- 406 అగర్ అగర్: ఎర్ర సముద్రపు నాచు
- 407 కారాజీనన్: ఇదీ ఎర్ర నాచే
- 401 సోడియం ఆల్జినేట్: గోధుమ రంగు నాచు
- 410 లోకస్ట్ బీన్ గమ్: కారబ్ చెట్టు గింజలు
- 440 పెక్టిన్: నిమ్మజాతి పండ్ల తొక్కలు, రసం పిండిన ఆపిల్ పిప్పి
- 415 శాంతన్ గమ్, 418 జెల్లన్ గమ్: సూక్ష్మజీవులతో పులియబెట్టి తీసేవి

440, 441 పక్కపక్క అంకెలు. ఒకటి పండు తొక్క, ఇంకొకటి జంతువు చర్మం. చిన్న అక్షరాల్లో తొందరగా చూస్తే పొరబడటం ఖాయం. ఫొటో తీసి పెద్దది చేసి చదవమని చెప్పింది ఇందుకే.

జాబితాలో బ్రాకెట్ల లోపల ఉన్నదీ చదవాలి. ఐస్‌క్రీమ్ పదార్థాల్లో ‘మార్ష్‌మాలో ముక్కలు’ అని ఉంటే, వాటిలో ఏముందో ఆ బ్రాకెట్‌లోనే దొరుకుతుంది.

ఇంకొక మాట. జెలటిన్ లేనంత మాత్రాన జెల్లీ పూర్తిగా శాకాహారం అయిపోదు. ఎర్ర రంగుకు 120 వాడి ఉంటే అది కార్మైన్, కోచినీల్ పురుగుల నుంచి వచ్చేది. మిఠాయి మీది మెరుపుకు 904 వాడితే అది లక్క.

3. మభ్యపెట్టే మాటలను గుర్తుపట్టండి

- ‘హలాల్ జెలటిన్’: నియమం ప్రకారం కోసిన పశువుదో, చేపదో. శాకాహారం కాదు.
- ‘కోషర్’: యూదుల ఆహార నియమాలకు సరిపోతుందని చెప్పే గుర్తు. ఇది ఉన్న వాటిలోనూ చేప జెలటిన్ ఉండొచ్చు. దీన్ని శాకాహార గుర్తుగా తీసుకోకండి.
- ‘పంది మాంసం లేదు’: పంది లేదని మాత్రమే అర్థం. పశువుదో చేపదో కాదని కాదు.
- ‘వెజ్ జెలటిన్’, ‘వీగన్ జెలటిన్’: పేరు సరికాదు కానీ లోపల ఉండేది మొక్కల పదార్థమే, ఎక్కువగా అగర్ అగరో కారాజీనన్ మిశ్రమమో. పేరును నమ్మకుండా వెనకవైపు చదివి నిర్ధారించుకోండి.
- ‘సహజమైనది’, ‘కొవ్వు లేనిది’: జెలటిన్ కూడా సహజమే, అందులోనూ కొవ్వు ఉండదు. ఈ మాటలవల్ల మీకు తెలిసేది ఏమీ లేదు.

జెలటిన్ పొడి ప్యాకెట్టే మీ చేతిలో ఉండి, ఏ జంతువుదో రాయకపోతే టైప్ ఏ, టైప్ బి అన్న మాట కోసం వెతకండి. టైప్ బి అయితే సాధారణంగా పశువుది. టైప్ ఏ అయితే పంది అయ్యే అవకాశం ఎక్కువ, కానీ చేప జెలటిన్‌ను కూడా తరచుగా ఆమ్లంతోనే తీస్తారు. కాబట్టి ఇది ఆధారమే తప్ప రుజువు కాదు. నియమం కచ్చితంగా పాటించేవారు తయారీదారుకు రాసి జంతువు పేరు అడగడమే మార్గం.

4. ప్యాకెట్ లేనిచోట సరైన ప్రశ్న అడగండి

బేకరీలోనో హోటల్లోనో “ఇది వెజ్జేనా?” అని అడిగితే చాలాసార్లు “అవును, గుడ్డు లేదు” అన్న జవాబు వస్తుంది. అబద్ధం చెప్పాలని కాదు, అడిగినదానికి వాళ్లకు తోచిన అర్థం అది. ప్రశ్న మార్చండి. “దీన్ని దేనితో గడ్డకట్టించారు?” అని అడగండి. వెంటనే “క్రీమ్‌కు స్టెబిలైజర్ వేశారా? అందులో ఏముంది?” అని రెండోది అడగండి. తెలియదంటే వంటవారిని అడిగి చెప్పమనండి, లేదా ఆ పొడి డబ్బా చూపించమనండి. మర్యాదగా అడిగితే చూపించేవారే ఎక్కువ. జవాబు దొరక్కపోతే ఆ పూటకు వదిలేయడమే మంచిది.

అలర్జీ ఉన్నవారికి మాత్రం నోటిమాట చాలదు. లేబుల్ కళ్లతో చూడాల్సిందే.

5. గోరువెచ్చని నీళ్ల పరీక్ష

ఇంట్లో చేసుకోగల పరీక్షల్లో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది ఇదే. జెలటిన్ సుమారు 30 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. మన ఒంటి వేడి 37. అందుకే జెలటిన్ జెల్లీ నాలుక మీద దానంతటదే కరిగిపోతుంది. అగర్ అగర్ కరగాలంటే దాదాపు 85 డిగ్రీలు కావాలి. నోట్లో అది కరగదు, విరుగుతుంది.

చేసే విధానం:
- గిన్నెలో 40 నుంచి 45 డిగ్రీల నీళ్లు పోయండి. థర్మామీటర్ లేకపోతే, వేలు పెట్టినప్పుడు వెచ్చగా ఉండి కాలకుండా ఉన్న నీళ్లు చాలు.
- బొటనవేలి గోరంత జెల్లీ ముక్క వేయండి. కదపకండి.
- పది నిమిషాలు ఆగండి. నీళ్లు చల్లారుతుంటే కాసిన్ని వేడినీళ్లు పక్క నుంచి కలపండి.

ముక్క అంచులు కరిగిపోయి, చివరికి నీళ్లలో కలిసిపోతే అది జెలటిన్ అనుకోవచ్చు. మూలలు పదునుగా అలాగే నిలిస్తే అగర్ అగర్ లాంటి మొక్కల పదార్థం.

పోల్చిచూడటానికి పక్కనే మీరు చేసిన అగర్ జెల్లీ ముక్క మరో గిన్నెలో వేస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. గమ్మీ మిఠాయిల్లో చక్కెర ఎక్కువ కాబట్టి అరగంట పడుతుంది. వాటిని నమిలి కూడా చెప్పవచ్చు: జెలటిన్ గమ్మీ రబ్బరులా సాగుతుంది, పెక్టిన్‌ది పటుక్కున తెగుతుంది. (తినకూడనిదని అనుమానం ఉన్నప్పుడు నమిలి చూసే పని పెట్టుకోకండి. నీళ్ల పరీక్షే చేయండి.)

క్రీమ్, మూస్ లాంటి వాటికి ఈ పరీక్ష పనికిరాదు. అవి వెచ్చని నీళ్లలో ఎలాగూ కరిగిపోతాయి.

6. పైనాపిల్ పరీక్ష

పచ్చి పైనాపిల్‌లో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది. జెలటిన్ ప్రొటీన్ కాబట్టి జెల్లీ నీరుకారిపోతుంది. అగర్, కారాజీనన్, పెక్టిన్ ప్రొటీన్లు కావు, వాటిని ఏమీ చేయలేదు.

జెల్లీని రెండు చిన్న గిన్నెల్లోకి తీసుకోండి. ఒకదాని మీద పచ్చి పైనాపిల్ ముక్క పెట్టండి, రెండోదాన్ని అలాగే వదిలేయండి. రెండింటినీ ఫ్రిజ్‌లో పెట్టి కొన్ని గంటల తర్వాత చూడండి. పైనాపిల్ కింద గుంట పడి నీళ్లు నిలిచి, రెండోది చెక్కుచెదరకుండా ఉంటే జెలటినే. ఫ్రిజ్ బయట చేయకండి. వేడి వాతావరణంలో జెలటిన్ దానంతటదే కరిగి, పైనాపిల్ వల్ల కరిగిందని అనిపిస్తుంది. రెండో గిన్నె లేకుండా చేసిన పరీక్షకు విలువ లేదు.

డబ్బా పైనాపిల్‌ను వేడిచేసి నింపుతారు కాబట్టి అందులో ఎంజైమ్ చచ్చిపోయి ఉంటుంది. పచ్చి కివీ, బొప్పాయి కూడా పైనాపిల్‌లాగే పనిచేస్తాయి. పాలు, పెరుగు ఉన్న డెజర్టుల మీద ఈ పరీక్ష చేయవద్దు. ఆ ఎంజైమ్ పాల ప్రొటీన్‌ను కూడా కోస్తుంది, ఫలితం అయోమయంగా ఉంటుంది.

7. పేరు చిరిగిపోయిన పొడి ప్యాకెట్ ఉంటే

చెంచా పొడిని మూడు పెద్ద చెంచాల చల్లటి నీళ్ల మీద చల్లి పది నిమిషాలు వదిలేయండి. జెలటిన్ అయితే నీళ్లన్నీ పీల్చుకుని ఉబ్బి, ఒకే మెత్తటి ముద్దవుతుంది. ఆ గిన్నెను 60 డిగ్రీల వేడినీళ్లలో పెడితే ముద్ద కరిగి పలుచని ద్రవం అవుతుంది, కొంచెం ఎముకల సూపు వాసన కూడా రావచ్చు. అగర్ పొడి ఆ వేడికి కరగదు, అడుగున గరుకుగా నిలుస్తుంది.

ఈ పరీక్షలన్నిటికీ ఒక హద్దు ఉంది. జెల్లీని నిలబెట్టింది జెలటినా కాదా అని మాత్రమే ఇవి చెబుతాయి. ఏ జంతువుదో చెప్పలేవు. దానికి ప్రయోగశాలలో డీఎన్ఏ పరీక్షో, ప్రొటీన్ ముక్కలను తూచి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీయో కావాలి. చాలా కొద్దిగా కలిసిన జెలటిన్‌ను కూడా ఇవి పట్టలేవు. పండ్లరసాన్ని తేటపరచడానికి, విటమిన్ పొడులకు పూతగా జెలటిన్ వాడుతుంటారు. అంత చిన్న మోతాదు ఇంటి పరీక్షకు అందదు.

## రెండో భాగం: జెలటిన్ లేకుండా గడ్డకట్టించడం

8. డెజర్టును బట్టి పదార్థం ఎంచుకోండి

అన్నిటికీ అగర్ అగరే వేయాలన్న పట్టుదల వద్దు. చాలా వంటకాలు చెడిపోయేది అక్కడే.

- ముక్కలుగా కోసే జెల్లీకి, అచ్చులో పోసి తిరగేసే పుడ్డింగుకి అగర్ అగర్ చక్కగా సరిపోతుంది.
- గరిటెజారుగా ఉండే మెత్తటి పాల డెజర్టుకి మొక్కజొన్న పిండి మేలు. 500 మిల్లీలీటర్ల పాలకు 35 నుంచి 40 గ్రాములు చల్లని పాలలో కలిపి, మరుగుతున్న పాలలో పోసి, బుడగలు వచ్చాక ఒక నిమిషం ఆపకుండా తిప్పుతూ ఉడికించాలి.
- చాక్లెట్ మూస్‌కి ఏదీ అక్కర్లేదు. చాక్లెట్‌లోని కోకో బటర్ ఫ్రిజ్‌లో దానంతటదే గట్టిపడి మూస్‌ను నిలబెడుతుంది.
- నమిలే పండ్ల మిఠాయిలకు పెక్టిన్. మామూలు పెక్టిన్‌కి చక్కెర బాగా ఎక్కువ కావాలి, పులుపూ కావాలి. చక్కెర తగ్గిస్తే అది గడ్డకట్టదు.
- మార్ష్‌మాలోకి అగర్ వేసి జెలటిన్ సాగుడు రావాలని ఆశించకండి. అగర్‌కు ఆ గుణం లేదు.

హెచ్చరిక: కొన్యాక్ అనే దుంప పొడితో చేసిన జెల్లీ కూడా మొక్కలదే, కానీ నోట్లో కరగదు, విరగడం కూడా కష్టం. ఒక్క గుటకలో మింగేలా చిన్న కప్పుల్లో వచ్చే కొన్యాక్ జెల్లీలు గొంతుకు అడ్డుపడి ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. కొన్ని దేశాలు వాటిని నిషేధించాయి. చిన్నపిల్లలకు, పెద్ద వయసువారికి పెట్టకండి.

9. తూచండి, చెంచాతో కొలవకండి

500 మిల్లీలీటర్ల మొత్తం ద్రవానికి:
- స్పూన్‌తో తినే మెత్తటి పుడ్డింగ్: అగర్ పొడి 2 నుంచి 2.5 గ్రాములు
- కత్తితో కోసే జెల్లీ: 4 గ్రాములు

ఇంత ద్రవానికే జెలటిన్ అయితే సుమారు 7 గ్రాములు పడుతుంది. అందుకే జెలటిన్ వేయమన్న వంటకంలో చెంచాకు చెంచా అగర్ వేస్తే గట్టి ముద్ద తయారవుతుంది. బరువులో మూడో వంతుతో మొదలుపెట్టండి, కత్తితో కోసే జెల్లీకి తప్ప సగం దాటనివ్వకండి.

పోగులు, రేకులు కూడా తూచే వేయండి. చెంచాతో కొలిస్తే రేకులు పొడికి మూడింతల చోటు తీసుకుంటాయి, అక్కడే లెక్క తప్పుతుంది. ఒక్కో తయారీకి బలం కొంచెం మారుతుంది కాబట్టి కొత్త ప్యాకెట్ తెరిచినప్పుడు పన్నెండో అడుగులో చెప్పిన సాసరు పరీక్ష తప్పకుండా చేయండి.

10. ముందు నీళ్లలో కరిగించండి

అగర్ పొడిని చల్లటి నీళ్లలోనే కలపాలి. వేడినీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలు తర్వాత మరిగించినా తేలిగ్గా విడవవు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో పొడి వేసి, ఐదు నిమిషాలు నాననిచ్చి, విస్క్‌తో తిప్పుతూ పొంగు తెప్పించండి. మంట తగ్గించి మరో రెండు మూడు నిమిషాలు మరిగించండి. రేకులైతే ఐదు నుంచి పది నిమిషాలు. పోగులైతే అరగంట నానబెట్టి, ఒక్క పోగు కూడా కనిపించనంతవరకు మరిగించాలి.

కరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? గరిటెను ముంచి, వెనకవైపు వెలుతురులో చూడండి. మెరిసే చుక్కలు, చిన్న గింజలు అంటుకుని ఉంటే ఇంకా కరగలేదు. తేటగా నూనెలా జారితే అయిపోయినట్టు.

పాలు, క్రీమ్, చక్కెర నేరుగా పోసి అందులోనే అగర్ కరిగించబోతే చాలాసేపు పడుతుంది, అడుగంటుతుంది కూడా. నీళ్లలో విడిగా కరిగించి, తర్వాత వేడి పాలలో పోయడమే తేలిక. ఆ నీళ్లనూ మొత్తం 500 మిల్లీలీటర్ల లెక్కలోకే తీసుకోండి.

మరిగే అగర్ చర్మానికి అంటుకుని ఊడిరాదు. పిల్లలను దూరంగా ఉంచండి.

11. కలిపేవి వెచ్చగా ఉండాలి, పులుపు చివర్లో వేయాలి

అగర్ 32 నుంచి 40 డిగ్రీల మధ్య, అంటే గది వేడిలోనే గడ్డకడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పండ్ల గుజ్జునో క్రీమ్‌నో అందులో పోస్తే, కలిపేలోపే సన్నటి దారాలుగా, పలుకులుగా పేరుకుపోతుంది. ‘క్రీమ్ విరిగిపోయింది’ అని చాలామంది అనుకునేది నిజానికి ఇదే. కాబట్టి కలపబోయే ప్రతిదాన్నీ ముందు 45, 50 డిగ్రీలకు వేడిచేసుకోండి. అగర్‌ను సన్నటి ధారగా పోస్తూ ఆపకుండా తిప్పండి.

నిమ్మరసంలాంటి పులుపుతో కలిపి అగర్‌ను మరిగిస్తే దాని పట్టు సడలిపోతుంది. పొయ్యి మీంచి దించాక పులుపు కలపండి. బాగా పుల్లటి రసమైతే అగర్ అర గ్రాము పెంచండి.

విప్పింగ్ క్రీమ్‌ను చల్లగానే కలపాల్సిన మూస్, చీజ్‌కేక్ లాంటి వాటికి వేరే దారి ఉంది. పండ్ల రసాన్ని అగర్‌తో గట్టిగా గడ్డకట్టించి, ముక్కలు చేసి, మిక్సీలో వేసి నున్నటి గుజ్జు అయ్యేదాకా తిప్పండి. ఆ గుజ్జు చల్లగానే ఉంటుంది, ఇక పేరుకునేది ఏమీ లేదు. దాన్ని గిలకొట్టిన క్రీమ్‌లో నెమ్మదిగా కలిపితే నోట్లో మెత్తగా ఉంటుంది. అగర్ డెజర్టులు బిరుసుగా ఉంటాయని విసిగిపోయినవారు ముందు ఇది చేసి చూడండి.

12. పోసేముందు సాసరు పరీక్ష చేయండి

ఫ్రీజర్‌లోని సాసరు మీద ఒక చెంచా మిశ్రమం వేసి ఒక నిమిషం ఆగండి. వేలితో పక్క నుంచి నెట్టండి.

- ముడతలు పడి కదిలితే: మెత్తటి పుడ్డింగుకి సరిపోయింది.
- అంచు పట్టి ఎత్తితే ముక్కగా లేస్తే: జెల్లీకి సరిపోయింది.
- నీళ్లలా జారితే: అర గ్రాము అగర్‌ను కొద్ది నీళ్లలో విడిగా మరిగించి కలపండి. పొడిని నేరుగా చల్లకండి.
- రబ్బరులా ఎగిరితే: వేడి పాలో రసమో కొంచెం కలిపి పలచబరచండి.

ఈ ఒక్క నిమిషం వెచ్చించడానికి బద్ధకించవద్దు. గిన్నెల్లో పోసి, గంట తర్వాత చూసుకుని, అప్పుడు దిద్దుకోవడం కంటే ఇది చాలా నయం.

13. పోయండి, ఆరనివ్వండి

జాలీలో వడగట్టి గిన్నెల్లో పోయండి. పైన బుడగలు ఉంటే చెంచాతో తీసేయండి. గది వేడిలో అరగంట నుంచి గంటలోపు గడ్డకడుతుంది, ఆ తర్వాతే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. గడ్డకట్టే సమయంలో గిన్నెను కదిపితే పగుళ్లు వస్తాయి, అవి తిరిగి అతుక్కోవు.

రెండు రంగుల పొరలు కావాలంటే, కింది పొర పైభాగం వేలికి కొంచెం జిగటగా తగులుతున్నప్పుడే రెండో పొరను వేడిగా పోయాలి. పూర్తిగా ఆరిపోయాక పోస్తే తిరగేసినప్పుడు పొరలు విడిపోతాయి.

తరచుగా వచ్చే ఇబ్బందులు

*అసలు గడ్డకట్టలేదు.* చాలావరకు అగర్ పూర్తిగా మరగకపోవడమే కారణం. జెలటిన్‌లాగా వేడినీళ్లలో కలిపి వదిలేస్తే అగర్ పనిచేయదు. భయపడాల్సింది లేదు, మొత్తం తిరిగి గిన్నెలో పోసి పొంగు వచ్చేదాకా మరిగించండి. అగర్‌ను ఎన్నిసార్లయినా కరిగించి మళ్లీ గడ్డకట్టించవచ్చు. అందులో పులుపు ఉంటే మాత్రం రెండోసారి మరిగించినప్పుడు కాస్త కొత్త అగర్ చేర్చాలి.

*మరీ గట్టిగా, పెళుసుగా ఉంది.* ముక్కలు చేసి, కొంచెం ద్రవం పోసి మళ్లీ మరిగించండి. లేదా పైన చెప్పినట్టు మిక్సీలో తిప్పి క్రీమ్‌తో కలిపేయండి.

*అడుగున నీళ్లు ఊరుతున్నాయి.* అగర్ స్వభావమే అంత, నిలవ ఉన్నకొద్దీ నీరు వదులుతుంది. చక్కెర, క్రీమ్ ఉన్న డెజర్టుల్లో ఇది తక్కువ. అగర్‌లో పదో వంతు లోకస్ట్ బీన్ గమ్ కలిపి మరిగిస్తే నీరు ఊరడం తగ్గి, జెల్లీకి కొంత సాగుడు కూడా వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తినేయండి.

*ఫ్రీజర్‌లో పెడితే పాడైంది.* అగర్ డెజర్టును ఎప్పుడూ గడ్డకట్టేంత చలిలో పెట్టకండి. కరిగాక నీరంతా వేరుపడి, మిగిలింది స్పాంజిలా తయారవుతుంది. దీన్ని బాగుచేసే మార్గం లేదు.

*పండ్ల ముక్కలు అడుక్కి దిగిపోయాయి.* మిశ్రమం మరీ వేడిగా, పలుచగా ఉన్నప్పుడు వేశారు. సగం పోసి, అది పట్టు అందుకునే దశలో ముక్కలు పేర్చి, వేడిగా ఉంచిన మిగతా సగం పోయండి. పచ్చి పైనాపిల్, కివీ, బొప్పాయి ముక్కలను నీళ్ల అగర్ జెల్లీలో నిర్భయంగా వేసుకోవచ్చు. పాలు కలిపిన దాంట్లో మాత్రం వేయకండి, చేదెక్కుతుంది. వేయాలనుకుంటే ఆ ముక్కలను ముందు ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చండి.